నెమలికి నోటీసు, మిషనుకు శాలువా

కృత్రిమ మేధను అదుపులో పెట్టడం మన సర్కారుకు చేతకాదని అనేవాళ్లు 2025 ఏప్రిల్ నెలను మరిచిపోయినట్టున్నారు. ఆ నెలలో సర్కారు కదిలిన వేగం చూసినవాళ్లెవరూ ఆ మాట అనరు. కంచ గచ్చిబౌలిలో, హైదరాబాద్ కేంద్రీయ విశ్వవిద్యాలయం పక్కనున్న 400 ఎకరాల్లోకి ఉగాది నాడు, అంటే మార్చి 30న, జేసీబీలు దిగాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు తనంతట తానే కలగజేసుకుని ఆపమన్నది. ఈలోపు ఫోన్లలో ఏడ్చే నెమళ్లు, పరుగెత్తే జింకలు తిరిగాయి. వాటిలో కొన్ని నిజంగానే కంప్యూటర్ తయారుచేసిన బొమ్మలు. అంతే, సర్కారుకు పూనకం వచ్చింది. ఏఐతో రాష్ట్రం పరువు తీస్తున్నారని సమీక్షలు జరిగాయి. పోలీసులు రంగంలోకి దిగారు. బుల్డోజర్ల ముందు నెమలి, జింకలు నిలబడ్డట్టు జపాన్ కార్టూన్ సినిమాల తీరులో ఎవరో చేసిన బొమ్మను తన ఖాతాలో పంచుకున్నందుకు ఐఏఎస్ అధికారి స్మితా సభర్వాల్‌కు గచ్చిబౌలి పోలీసుల నోటీసు వెళ్లింది. ఆ బొమ్మను తనలాగే రెండు వేల మంది పంచుకున్నారు, అందరి మీదా ఇదే చర్య ఉంటుందా అని ఆవిడ అడిగారు. న్యాయమైన ప్రశ్న. రెండు వేల నోటీసులు ప్రింటు తీయాలంటే కాగితానికి మళ్లీ చెట్లే కావాలి.

అదే నెల 16న సుప్రీంకోర్టు, చెట్లు కొట్టేసిన 100 ఎకరాలను మళ్లీ ఎట్లా పచ్చగా చేస్తారో ప్రణాళిక తెమ్మని రాష్ట్రాన్ని అడిగింది. అంటే బొమ్మలో నెమలి కృత్రిమం, నేల మీద మోడు అసలుది. నోటీసు నెమలికి పోయింది.

సరిగ్గా ఆ ఉగాది నాడే మా ఉమ్మడి నల్లగొండ జిల్లా హుజూర్‌నగర్‌లో ముఖ్యమంత్రి సన్నబియ్యం పథకం మొదలుపెట్టారు. మనిషికి ఆరు కిలోలు. మంచి పనే. దొడ్డుబియ్యం డీలరు దగ్గర్నుంచి ఎటు పోతుండెనో ఊళ్లో చిన్నపిల్లగాడికి కూడా తెలుసు. కాకపోతే సన్నబియ్యం కార్డున్నవాళ్లకే. కార్డు లేనివాళ్లలో ఒక పెద్ద గుంపుంది. వాళ్లకు ఒకప్పుడు కార్డుండేది. దాన్ని ఏ పంచాయతీ కార్యదర్శీ ఇంటికొచ్చి చూసి తీసెయ్యలేదు, ఏ తహసీల్దారూ పిలిచి అడిగి కొట్టెయ్యలేదు. కంప్యూటర్ చెప్పింది, పోయింది. నెమలి బొమ్మ గీసిన ఏఐ మీద అంత ఎగిరిపడ్డ సర్కారు, పేదోడి కంచంలో చెయ్యి పెట్టిన ఏఐకి మాత్రం కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

దీని కథ 2014 ఆగస్టు 19న మొదలైంది. సమగ్ర కుటుంబ సర్వే. ఆ ఒక్క రోజు రాష్ట్రంలో ప్రతి మనిషీ తన ఇంట్లో ఉండాలి. ఇంట్లో లేకుంటే లెక్కలో లేనట్టే, లెక్కలో లేకుంటే రేషనూ పింఛనూ పోయినట్టే అని ఊరూరా భయం. ముంబయిలో మట్టి మోసేవాళ్లు, పుణెలో సెంట్రింగ్ కొట్టేవాళ్లు గుంపు మేస్త్రీ దగ్గర ఛార్జీల పైసలు అప్పు తీసుకుని, కిక్కిరిసిన బస్సుల్లో నిలబడి నారాయణపేటకు, మక్తల్‌కు, కోస్గికి, దేవరకొండ తండాలకు వచ్చిపడ్డారు. ఎన్నడూ తమ గడప తొక్కని సర్కారు కాగితాలు పట్టుకుని వస్తున్నదంటే సంబరపడ్డారు. బర్రెలెన్ని, బండి ఉందా, బ్యాంకు ఖాతా ఏది అంటే దాచకుండా చెప్పారు. ఎందుకు అడుగుతున్నారని తిరిగి అడగడం మర్యాద కాదనుకున్నారు.

తర్వాత సర్కారు తన దగ్గరున్న జాబితాలన్నీ ఒకదాని మీద ఒకటి పెట్టి చూడటం మొదలుపెట్టింది. ఆర్టీఏ దగ్గరి బండ్లు, కరెంటు మీటర్లు, ఆస్తిపన్ను, ఉద్యోగాలు, పింఛన్లు. ఈ జాబితాలోని మనిషీ ఆ జాబితాలోని మనిషీ ఒక్కరేనా అని పేరును బట్టి, తండ్రి పేరును బట్టి, చిరునామాను బట్టి పోల్చి చెప్పే వ్యవస్థ వచ్చింది. దాని పేరు సమగ్ర వేదిక. హైదరాబాద్‌కు చెందిన పోసిడెక్స్ అనే కంపెనీ సాఫ్ట్‌వేర్ దానికి ఆయువుపట్టు. ఫలానా రేషన్ కార్డాయనకు కారుందని అది చెబితే ఉన్నట్టే.

ఇప్పుడు పేరును బట్టి మనిషిని పోల్చడం అనే ఈ దివ్యమైన ఆలోచనను మా దగ్గరికి తీసుకురండి. యాదగిరిగుట్ట చుట్టుపక్కల ఏ ఊరి నడిబొడ్డున నిలబడి అయినా "యాదయ్యా" అని పిలవండి, పది మంది తిరిగి చూస్తారు. అందులో నలుగురి తండ్రి పేరు మల్లయ్య. కురుమూర్తి జాతర వైపు వెళ్లి కుర్మయ్య అని పిలవండి, అదే కథ. పైగా ఈ యాదయ్య పేరు ఇంగ్లీషులో ఆధార్‌లో ఒకలా, పట్టా పాసు పుస్తకంలో ఒకలా, ఓటరు లిస్టులో ఇంకోలా ఉంటుంది. మూడూ రాసింది సర్కారు మనుషులే. ఇన్ని రకాల అక్షరాల నడుమ "దాదాపు ఒకేలా ఉన్న" పేర్లను ఒకే మనిషి అనుకోవడం ఆ మిషను పని. హైదరాబాద్‌లో ఒక రిక్షా కార్మికుని కుటుంబానికి జరిగింది ఇదే. పేరు కాస్త కలిసిన వేరెవరికో కారుంది. ఆ కారు ఈయన ఖాతాలో పడింది, ఇంటి కార్డు రద్దయింది. జీవితమంతా మూడు చక్రాలు తొక్కినాయనకు నాలుగు చక్రాలు ఇచ్చిన ఘనత ప్రపంచంలో ఇంకే ప్రభుత్వానికైనా ఉందా?

ఇక లెక్కలు. 2014, 2019 మధ్య తెలంగాణలో 18 లక్షల 60 వేలకు పైగా ఆహార భద్రత కార్డులు రద్దయ్యాయి. కొత్తగా వచ్చిన 1,42,086 దరఖాస్తులు తిరస్కరించారు. ముందు నోటీసు లేదు, కారణం చెప్పింది లేదు. ఇంటికి వెళ్లి చూడకుండా కంప్యూటర్ మాట మీద తీసేశారని హైదరాబాద్ సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ కోర్టుకెక్కారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు, రద్దయిన సుమారు 19 లక్షల కార్డులనూ మళ్లీ పరిశీలించమని ఆదేశించింది. 4,91,899 అర్జీలు వచ్చాయి. వాటిలో పరిశీలన పూర్తయిన 2,05,734 అర్జీల్లో 15,471 కుటుంబాలు అర్హులేనని తేలింది. వందకు ఏడున్నర మంది. పెద్ద తప్పేమీ కాదంటారా? మరి ఆ పదిహేను వేల కుటుంబాల్ని ఒక మైదానంలో నిలబెట్టి, "మీది చిన్న శాతం, కంగారు పడకండి" అని మైకులో చెప్పి రండి చూద్దాం. అదీగాక, 19 లక్షల కార్డులు పోతే అయిదు లక్షల లోపే అర్జీలు వచ్చాయి. మిగతావాళ్లంతా కార్లున్నవాళ్లేనా? ముంబయి అడ్డా మీద నిలబడ్డవాడికి, తన కార్డు మీద ఢిల్లీలో తీర్పు వచ్చిందని, ఫలానా తేదీలోపు మండలాఫీసులో అర్జీ పెట్టుకోవాలని ఏ మిషనూ చెప్పలేదు. కొట్టేయడానికి తెలివున్న మిషను కబురు చెప్పడానికి మూగదైంది.

దొంగ కార్డులు లేవని నేను అనడం లేదు. ఉన్నాయి. రెండంతస్తుల మేడకు తెల్లకార్డున్న పెద్దమనుషులు మా ఊళ్లలోనూ ఉన్నారు, జెండా పండుగ నాడు ముందు వరసలో కుర్చీ కూడా వాళ్లకే. వాళ్లను పట్టుకోవడానికి మిషను సాయం తీసుకుంటే తప్పులేదు. ఈ ఇంట్లో ఏదో తేడాగా ఉంది, పోయి చూసి రండి అని అది వేలు చూపొచ్చు. వేలు చూపడమే తీర్పు అయినప్పుడే పేచీ.

తీర్పు ఇచ్చినవాడెవడో తెలుసుకుందామని తహసీల్దారు ఆఫీసుకు పోతే అక్కడ జరిగే సంభాషణను ఎవరైనా ఊహించవచ్చు.

"సారూ, నా కార్డెందుకు తీసేసిన్రు?"

"మేం తియ్యలేదవ్వా. పైనుంచే పోయింది."

"పైనంటే ఎవరు సారూ?"

"సిస్టం."

"ఆ సారు ఎప్పుడొస్తడు మరి? సోమారం ప్రజావాణికి వస్తడా?"

సిస్టం సారు రాడవ్వా. ఆయనకు సీటు లేదు, ఛాంబర్ లేదు, బదిలీ లేదు. ఎమ్మెల్యే లెటరు చెల్లదు. రంగు నోట్లతో ఏసీబీ ఆయన్ను పట్టుకోలేదు, నిజానికి అదొక్కటే ఆయనలో మంచి గుణం. తహసీల్దారు తప్పు చేస్తే కలెక్టరున్నాడు, కలెక్టరు తప్పు చేస్తే కోర్టుంది. సిస్టం సారు తప్పు చేస్తే "సాంకేతిక లోపం" ఉంది. మన రాష్ట్రంలో ఎన్నడూ సస్పెండ్ కాని ఒకే ఒక్క ఉద్యోగి ఈ సాంకేతిక లోపమే.

ఆ ఉద్యోగి పాత పనితనం కూడా చూడండి. 2018 డిసెంబరు 7న పోలింగ్ కేంద్రాలకు వెళ్లిన చాలామందికి జాబితాలో పేర్లు లేవు. రాష్ట్ర ప్రధాన ఎన్నికల అధికారి క్షమాపణ చెప్పారు. ఓట్లు మాత్రం తిరిగి రాలేదు, ఎన్నిక అయిపోయింది. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాలు. ప్రైవేటు సంస్థకు అప్పగించిన ప్రక్రియలో తప్పులు దొర్లాయి. తెలుగులో 99 మార్కులు రావలసిన అమ్మాయికి మొదట సున్నా పడింది. ఆ ఫలితాల తర్వాత ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఈ వాక్యం పక్కన వ్యంగ్యం రాయడానికి చెయ్యి ఆడదు.

ఇంత అనుభవం తర్వాత, కృత్రిమ మేధను ప్రభుత్వాలు ఎట్లా నియంత్రించాలి అని మేధావులు సదస్సులు పెడుతుంటే నవ్వొస్తుంది. అమెరికా నుంచి నిపుణుల్ని పిలిపించాల్సిన పనేముంది? నియంత్రణ అంటే ఏమిటో మన సర్కారుకు తెలిసినంతగా భూమ్మీద ఎవరికీ తెలియదు. మునుగోడు వైపు ఏదో ఒక ఊళ్లో రేషన్ కార్డు, చేయూత పింఛను ఉన్న ఒక ముసలవ్వను తీసుకోండి. ఆరు కిలోల బియ్యం, నెలకు 2,016 రూపాయల కోసం ఆమె మీద ఎన్ని నిబంధనలున్నాయో అవన్నీ తీసి, పేరు మాత్రం మార్చి మిషను మీద పెట్టండి. కామా కూడా మార్చక్కర్లేదు. ప్రపంచంలోనే అత్యంత కఠినమైన ఏఐ చట్టం తయారవుతుంది.

ఆమె బతికే ఉన్నానని రుజువు చేసుకుంటూ ఉండాలి. మంచిది, మిషను కూడా ఏడాదికొకసారి తన బుద్ధి సరిగానే ఉందని రుజువు చేసుకోవాలి. ఈ ఏడు ఎన్ని కార్డులు తీసింది, ఎన్ని తప్పుగా తీసింది, ఎన్ని తిరిగి ఇచ్చింది, గ్రామసభలో నిలబడి చదవాలి. నోరు లేకుంటే ఆ పని చేయించిన సార్లు చదవాలి. వేలిముద్ర పడకపోతే ఆమెకు బియ్యం లేవు. బండలు కొట్టి, పత్తి ఏరి గీతలరిగిన వేళ్లు అవి. మిషను వాటిని పదిసార్లు కాదంటుంది. సరే, అదే నియమం అటు కూడా పెట్టండి. కార్డు రద్దు చేయాలంటే ఒక అధికారి వేలిముద్ర పడాలి. ఒక్కో కార్డుకు ఒక్కో ముద్ర. పందొమ్మిది లక్షల కార్డులు కొట్టేయాలనుకున్న సారు పందొమ్మిది లక్షల సార్లు వేలు పెట్టాలి. అప్పుడు ఆయన గీతలు కూడా అరుగుతాయి, ఆ అవ్వ బాధ కాస్త అర్థమవుతుంది.

ఆమె ఆదాయం ఊళ్లో అయితే ఏడాదికి లక్షన్నర దాటొద్దు, రుజువు తేవాలి. మరి మిషను ఆదాయమెంత? ఏ కంపెనీకి ఎంత ఇచ్చారు, ఏ ఒప్పందం మీద? ఉపాధి హామీలో చిన్న కుంట తవ్వినా పని దగ్గర ఎంత ఖర్చో బోర్డు పెట్టాలని రూలుంది. జనం అన్నం తీసే పనికి బోర్డెక్కడ? సమగ్ర వేదిక లోపలి రాతను చూపించమని విలేఖరులు సమాచార హక్కు కింద అడిగితే, దాని మీద హక్కులు కంపెనీవని చెప్పి ఇవ్వలేదు. చూశారా, అవ్వ వేలిముద్ర, ముఖం, ఇంటి గుట్టు అన్నీ సర్కారు సొత్తు. వాటిని తిని బతికే మిషను గుట్టు మాత్రం ప్రైవేటు ఆస్తి.

ఆరు నెలలు వరసగా బియ్యం తీసుకోకపోతే కార్డును పక్కన పెట్టి మళ్లీ విచారించాలని 2025లో కేంద్రం ఆదేశమిచ్చింది. వలస పోయినవాళ్లున్న జిల్లాలో ఈ రూలు ఎవరి మెడకు చుట్టుకుంటుందో చెప్పక్కర్లేదు. అయినా రూలు రూలే. ఆరు నెలలు ఫిర్యాదుకు జవాబు ఇవ్వని మిషనును పక్కన పెట్టి విచారించండి. అనుమానం రాగానే ముందు రద్దు, ఆ తర్వాతే విచారణ అనే పద్ధతి అవ్వకు ఉంది కదా. మిషను మీద ఒక్క అనుమానం రాగానే ముందు స్విచ్చి తీసేయండి, కమిటీ తర్వాత వేసుకోవచ్చు.

పింఛను ఎక్కువ పోయిందని తేలితే వసూలు చేస్తారు కాబట్టి, బియ్యం తక్కువ పోయిందని తేలితే కూడా లెక్క కట్టాలి. నలుగురున్న ఇల్లు, మనిషికి ఆరు కిలోలు, నెలకు 24, ఏడాదికి 288 కిలోలు. అయిదేళ్లు కార్డు లేకుంటే 1,440 కిలోలు. పద్నాలుగు క్వింటాళ్ల నలభై కిలోలు. తప్పని తేలిన ఇంటికి ఆ బాకీ తీర్చారా? కార్డు తిరిగిచ్చి, ఫొటో దిగి పంపించడంతో సరిపెట్టే ఉదారత మనది. 2025 జులై 14న తిరుమలగిరిలో కొత్త కార్డుల పంపిణీ సభ జరిగింది. వేదిక మీద అందరూ ఇచ్చినవాళ్లే. తీసినవాడు ఎవరో మాత్రం సభలో కనిపించలేదు, సిస్టం సారుకు ఆహ్వానం అందనట్టుంది.

ఇట్లాంటి కఠిన నిబంధనలు పెడితే పరిశోధన కుంటుపడుతుంది, పెట్టుబడులు పారిపోతాయి అంటారు సార్లు. అవ్వ ఈ నిబంధనల కింద ఏళ్ల తరబడి బతుకుతూనే ఉంది కదా! బక్కప్రాణం తట్టుకున్నదాన్ని బిలియన్ డాలర్ల కంపెనీలు తట్టుకోలేవా?

ఢిల్లీ సంగతి కొద్దిగా. 2024 ఫిబ్రవరిలో గూగుల్ వాళ్ల జెమిని ప్రధానమంత్రి గురించి అడిగిన ప్రశ్నకు నచ్చని జవాబిచ్చింది. మార్చి 1న కేంద్ర ఐటీ శాఖ, సరిగా పరీక్షించని ఏఐని జనంలోకి వదలాలంటే ప్రభుత్వ అనుమతి తీసుకోవాలని హుకుం పంపింది. కంపెనీలు గగ్గోలు పెట్టగానే మార్చి 15న అనుమతి మాట తీసేసి కొత్త సలహా పత్రం ఇచ్చింది. పదిహేను రోజుల నియంత్రణ. మిషను పెద్దలను ఒక మాటంటే వారం పది రోజుల్లో ఆదేశం వస్తుంది. అదే జాతి మిషను యాదయ్య బియ్యం ఆపితే ఎనిమిదేళ్లు, సుప్రీంకోర్టు దాకా. 2025 నవంబరులో ఏఐ పాలన మార్గదర్శకాలు వచ్చాయి, ఏడు సూత్రాలు. ప్రస్తుతానికి వేరే చట్టం అక్కర్లేదన్నారు. సూత్రాల్లో ఒకటి, కట్టడి కంటే ఆవిష్కరణకే పెద్దపీట. కట్టడి కోటా మొత్తం అవ్వకే అయిపోయింది కాబట్టి మిషనుకు మిగల్లేదు. 2023 ఆగస్టులో వచ్చిన వ్యక్తిగత డేటా చట్టం అయినా కాపాడుతుందా అంటే, పథకాలకూ సబ్సిడీలకూ సర్కారు మన వివరాలు వాడుకునేందుకు దానిలో ప్రత్యేక వెసులుబాటు ఉంది. దేశ భద్రత, శాంతిభద్రతల పేరు చెప్పి కేంద్రం తనకిష్టమైన సంస్థను చట్టం పరిధి నుంచే తప్పించవచ్చు. కంచెకే చేను మీద మినహాయింపు.

నెదర్లాండ్స్‌లో పిల్లల సంరక్షణ భత్యం విషయంలో ఇట్లాగే జరిగింది. మోసం చేసేవాళ్లు ఎవరో కంప్యూటర్‌తో అంచనా కట్టించి, వేలాది కుటుంబాలను దొంగలను చేసి డబ్బు వెనక్కి కట్టించారు. నిజం బయటపడ్డాక 2021 జనవరిలో ప్రధాని మార్క్ రుట్టే మంత్రివర్గం మొత్తం రాజీనామా చేసింది. ఆ తర్వాత యూరప్ తెచ్చిన ఏఐ చట్టం, ప్రభుత్వ సాయానికి ఎవరు అర్హులో తేల్చే మిషన్లను అధిక ప్రమాదం జాబితాలో చేర్చింది. అక్కడ మంత్రివర్గం పడిపోయింది. ఇక్కడ కార్డులు పడిపోయాయి, అంతకుమించి ఏదీ పడలేదు.

మా దగ్గర గద్దె మారింది. గులాబీ పోయి మూడు రంగులొచ్చాయి. ముఖ్యమంత్రి పాలమూరు బిడ్డ, వంగూరు మండలం కొండారెడ్డిపల్లె ఆయన సొంతూరు. వలస బస్సు అంటే ఏమిటో ఆయనకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. 2024 సెప్టెంబరు 5, 6 తేదీల్లో హైదరాబాద్‌లో ప్రపంచ ఏఐ సదస్సు జరిగింది. కృత్రిమ మేధ అందరికీ పనికి రావాలి అనేది దాని నినాదం. 200 ఎకరాల్లో ఏఐ సిటీ అన్నారు. 2025 జనవరిలో దావోస్ వెళ్లి డేటా సెంటర్లకు అమెజాన్ నుంచి 60 వేల కోట్ల రూపాయల ఒప్పందం తెచ్చారు. 2016 దాకా పాలమూరు జిల్లాలోనే ఉన్న షాద్‌నగర్ వైపు డేటా సెంటర్ల కోసం ఎకరాలు కోట్లకు పోతున్నాయి. శాలువాలు, జ్ఞాపికలు, గ్రూపు ఫొటోలు. పాలమూరు–రంగారెడ్డి ఎత్తిపోతలకు 2015లో శంకుస్థాపన జరిగితే కాలువల్లో నీళ్ల కోసం ఎదురుచూస్తున్నవాళ్లకు, మబ్బుల్లో దాచుకునే సమాచారానికి ఇంత భూమి, ఇంత కరెంటు ఎందుకో చెప్పేవాళ్లు లేరు.

ఇంకోవైపు ముఖ గుర్తింపు ఊళ్లలోకి దిగింది. 2025 జులై నుంచి అంగన్‌వాడీలో గర్భిణి సరుకులు తీసుకోవాలంటే ముఖం చూపించాలి, ఆగస్టు నుంచి బడి పంతులు హాజరుకూ ముఖమే, చేయూత పింఛనుకూ ముఖమే. అదెంత గట్టి వ్యవస్థో జగిత్యాల జిల్లాలో తేలింది. అక్కడ ఒక పంచాయతీ కార్యదర్శి సాక్షాత్తూ ముఖ్యమంత్రి ఫొటో పెట్టి హాజరు వేసుకున్నాడని పత్రికలు రాశాయి. మిషను ముఖ్యమంత్రి ముఖాన్ని చూసి, వచ్చావా కార్యదర్శీ, సరే పో అన్నది. రాష్ట్రంలో అందరూ గుర్తుపట్టే ముఖాన్నే పోల్చుకోలేని మిషను, కీళ్లు పట్టేసి, మెడ వంగిపోయి, కెమెరా వైపు తలెత్తలేని మర్రిగూడ ముసలాయన ముఖాన్ని సరిగ్గా పోలుస్తుందని మనం నమ్మాలి.

మర్రిగూడ పేరు వచ్చింది కాబట్టి మా జిల్లా ప్రపంచ శాస్త్రానికి ఇచ్చిన కానుక గురించి చెప్పాలి. నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని 1970లలో నాగపూర్ నీరి సంస్థవాళ్లు తయారుచేశారు. పటిక, సున్నం కలిపి వడగట్టడం. దానికి నల్లగొండ టెక్నిక్ అని పేరు పెట్టారు. పేరు దేశదేశాల పుస్తకాల్లోకి ఎక్కింది, ఫ్లోరైడ్ మాత్రం దశాబ్దాల పాటు మా బొక్కల్లోనే ఉండిపోయింది. అర్జీలు పెట్టీ పెట్టీ విసిగిన జనం జల సాధన సమితి పిలుపుతో 1996 లోక్‌సభ ఎన్నికల్లో నల్లగొండ స్థానానికి మూకుమ్మడిగా నామినేషన్లు వేశారు. 480 మంది బరిలో నిలిచారు. బ్యాలెట్ పత్రం పుస్తకమైంది, ఎన్నిక వాయిదా పడింది, దేశమంతా నల్లగొండ వైపు చూసింది. ఢిల్లీ ఏం చేసింది? అదే ఏడాది లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్‌ను 500 నుంచి 10,000 రూపాయలకు పెంచింది. ఫ్లోరైడ్‌కు కాదు, నామినేషన్లకు కళ్లెం వేసింది. నెమలికి నోటీసు ఇచ్చే చెయ్యి కొత్తదేమీ కాదు.

అందుకని కొత్త చట్టం వచ్చేదాకా కూర్చోవద్దు. పాత చట్టం ఒకటి 2005 నుంచీ ఉంది. సమాచార హక్కు చట్టం సెక్షన్ 4(1)(డి) ఏం చెబుతుందంటే, ప్రభుత్వ కార్యాలయం తాను తీసుకున్న నిర్ణయానికి కారణాలను ఆ నిర్ణయం వల్ల దెబ్బతిన్నవాళ్లకు చెప్పాలి. మనిషి తీసుకున్న నిర్ణయమా, మిషను తీసుకున్నదా అనే తేడా ఆ సెక్షన్‌లో లేదు. కార్డు పోయినవాళ్లు, పింఛను ఆగినవాళ్లు తెల్లకాగితం మీద నాలుగు ప్రశ్నలు రాయండి. నా కార్డు ఏ తేదీన రద్దయింది? ఏ జాబితాలో ఏ పేరుతో నా పేరు కలిపారు? ముందుగా నాకు పంపిన నోటీసు నకలు ఏది? రద్దు మీద సంతకం పెట్టిన అధికారి పేరు, హోదా ఏమిటి? సిస్టం అని జవాబిస్తే ఒప్పుకోవద్దు, అప్పీలుకు పోండి. చదువురాని ఇరుగుపొరుగుకు చదువుకున్న పిల్లలు రాసి పెట్టండి. ముంబయిలో ఉన్నవాళ్లకు ఫోన్ చేసి సంతకం తెప్పించండి. తెల్లకార్డున్న పేదలకు ఈ దరఖాస్తు ఉచితం. కార్డు ఎందుకు పోయిందని అడిగేవాడి దగ్గర చూపించడానికి కార్డు ఉండదు కాబట్టి రుసుము కట్టాల్సిందే. మండలాఫీసులో 5 రూపాయలు, జిల్లా ఆఫీసులో 10. జవాబు 30 రోజుల్లో ఇవ్వాలి.